సాయంత్రాలకు కట్టిన ఫీజు

మా అమ్మాయి పూర్తి పేరు ఇంగ్లీషులో రాస్తే 27 అక్షరాలు. అందులో ఇంటిపేరే 13. 2023 ఆగస్టులో బట్టల మీద కుట్టే పేరు పట్టీలు ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేస్తుంటే, 24 దాటగానే ఆ గడి ఎర్రగా మారి ఇంక టైపు చేయనివ్వలేదు. పాప చేరబోయే బోర్డింగ్ హౌస్‌కు, అంటే బడి హాస్టల్‌కు, ఫోన్ చేసి ఏం చేయమంటారని అడిగితే మేట్రన్ నవ్వింది. "మీ పాప లాండ్రీ నంబర్ 43. మొదటి అక్షరం, 43 వేయించండి, చాలు" అంది. కన్నబిడ్డను నంబరుగా మార్చి పంపుతున్నట్టు అనిపించి మనసు చివుక్కుమంది. అయినా పట్టీలు తెప్పించి కుట్టడానికి కూర్చున్నాను. సాక్సులు 14 జతలంటే 28 పట్టీలు. తువ్వాళ్ళు, దుప్పటి కవర్లు, ఈత డ్రెస్సు, చివరికి టెడ్డీ బేర్ చెవికి కూడా. నాలుగు నైట్ డ్యూటీల మధ్య పగళ్ళన్నీ ఆ కుట్టుపనికే పోయాయి.

నేను ఇంగ్లండ్‌లోని ఈస్ట్ మిడ్‌లాండ్స్‌లో ఒక ఆసుపత్రిలో నర్సును. డే షిఫ్ట్ అయితే పొద్దున ఏడున్నరకు ఎక్కి రాత్రి ఎనిమిదికి దిగాలి. నైట్ అయితే ఇదే తిరగబడుతుంది. మా ఆయన ఓడల్లో ఇంజనీరు. నాలుగు నెలలు సముద్రం మీద ఉంటే రెండు నెలలు ఇంట్లో. పాప ప్రైమరీలో ఉన్నన్నాళ్ళూ మా వీధి చివర తన ఇంట్లోనే పిల్లల్ని చూసుకునే చైల్డ్‌మైండర్ ఆదుకుంది. ఆమె రిటైరై కూతురు దగ్గరికి వెళ్ళిపోతున్నానని చెప్పిన రోజు వార్డులో నా ముఖం చూసి ఒక కొలీగ్ ఏమైందని అడిగింది. ఆమె భర్త ఆర్మీలో పనిచేస్తాడు. తన పిల్లలిద్దరూ స్టేట్ బోర్డింగ్‌లో ఉన్నారని, నన్నూ చూడమని చెప్పింది.

అప్పటికి ఈ దేశంలో ఆరేళ్ళుగా ఉన్నాను. ప్రభుత్వ బడికి హాస్టల్ ఉంటుందన్న సంగతే తెలియదు. బోర్డింగ్ స్కూల్ అంటే ఈటన్ అనే పేరుమోసిన ప్రైవేటు బడి పిల్లలు తొడుక్కునే ఆ పొడుగు తోకల కోటు గుర్తొచ్చేది. ఆ తర్వాత, 1971లో సర్వేల్‌తో మొదలైన గురుకులాల కోవలో నేను చదివిన గురుకులం గుర్తొచ్చేది. ఒకే హాల్లో అరవై మందిమి, గోడ వెంట ట్రంకు పెట్టెలు, స్నానానికి లైను, ఆదివారం అమ్మానాన్నలు తెచ్చే క్యారియర్. తప్పు చేస్తే బెత్తం. ఈ రెంటిలో ఏదీ నా కూతురికి వద్దనుకున్నాను.

సూర్యాపేటలో ఉండే మా అత్తమ్మకు ఫోన్లో చెప్పానో లేదో, "ఏందే, ఆడపిల్లను హాస్టల్ల ఏస్తవా? మనకేం తక్కువైంది? నేనొచ్చి ఉంటగదా" అంది. ఆమెకు విజిటర్ వీసా మీద ఉండనిచ్చేది ఒక విడతకు ఆరు నెలలే. పైగా ఆ మోకాళ్ళతో మా ఇంటి మెట్లెక్కడం అయ్యే పని కాదు. అది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ రోజుకు సరే అత్తమ్మా అని పెట్టేశాను.

ముందు ఫీజుల సంగతి చెప్పాలి, మనవాళ్ళు అందరూ మొదట అడిగేది అదే కాబట్టి. ప్రైవేటు బోర్డింగ్ స్కూళ్ళలో సగటున ఏడాదికి 42 వేల పౌండ్ల దాకా ఉండేది. 2025 జనవరి 1 నుంచి ప్రైవేటు బడి ఫీజుల మీద 20 శాతం వ్యాట్ కూడా పడింది. నర్సు జీతంతో ఆ వైపు చూడక్కర్లేదు. స్టేట్ బోర్డింగ్ స్కూళ్ళు వేరు. ఇంగ్లండ్‌లో ఇవి 30 దరిదాపుల్లో ఉన్నాయి. మామూలు ప్రభుత్వ బళ్ళే, పగటి చదువు ఉచితం. తల్లిదండ్రులు కట్టాల్సింది పడక, తిండి, లాండ్రీ, రాత్రిపూట చూసుకునే మనుషులు, వీటికి మాత్రమే. మా బడిలో అది ఏడాదికి 14 వేల పౌండ్ల పైచిలుకు, మూడు వాయిదాల్లో. తక్కువేం కాదు. కానీ షిఫ్టుల వేళలకు కుదిరే చైల్డ్‌మైండర్‌కు, సెలవుల క్లబ్బులకు, టాక్సీలకు ఎంతవుతుందో ఒక కాగితం మీద లెక్క వేస్తే తేడా నేను భయపడినంత లేదు. ఆ కాగితం మా ఆయనకు ఫోటో తీసి పంపాను. మూడు రోజుల తర్వాత ఓడ ఏదో రేవుకు చేరినప్పుడు, "సరే, నీ ఇష్టం" అని జవాబొచ్చింది.

చిత్రమేమిటంటే, ఇప్పుడు కోటీశ్వరుల బడి అనుకునే ఈటన్‌ను 1440లో ఆరో హెన్రీ రాజు పెట్టింది 70 మంది పేద పిల్లలకు ఉచితంగా చదువు చెప్పడానికి. అంతకు ముందు 1382లో మొదలైన వించెస్టర్ బడిలోనూ లెక్క 70 మందే. పేదపిల్లల కోసం మొదలైన హాస్టల్ చదువు ఆరువందల ఏళ్ళలో ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో చూడండి. మా గురుకులాలు మాత్రం ఇంకా పేదపిల్లల దగ్గరే ఉన్నాయి.

ఓపెన్ డేకి వెళ్ళినప్పుడు హెడ్‌టీచర్ ఉపన్యాసం సగం వినలేదు. ఇయర్ 12, అంటే మన ఇంటర్ మొదటి ఏడు లాంటిది, చదివే అమ్మాయి ఒకతి మమ్మల్ని హౌస్ అంతా తిప్పింది. కింద బూట్ల గది. తడి గడ్డి, రబ్బరు, మట్టి కలిసిన వాసన. పక్కనే వేడిగాలి ఆడే గది, అందులో వేలాడుతున్న హాకీ బట్టలు. పైన నలుగురికి ఒక గది, మంచానికో లైటు, తలాపున ఒక బోర్డు. ఆ బోర్డుల మీద కుక్కల ఫోటోలు ఎక్కువ, మనుషుల ఫోటోలు తక్కువ. మా అమ్మాయి బోర్డులు చూస్తుంటే నేను మందుల గదికి వెళ్ళాను. ఏం చేస్తాం, వృత్తి అలాంటిది. అల్మారాకు లోపల ఇంకో తాళం, పారాసిటమాల్‌కు కూడా ఎవరికి, ఎన్ని గంటలకు, ఎంత ఇచ్చారో రాసి సంతకం పెట్టే పుస్తకం. ఆ పుస్తకంలో పేజీలు తిప్పి చూడొచ్చా అని అడిగితే, ఇతర పిల్లల వివరాలుంటాయని మేట్రన్ మర్యాదగా కుదరదంది. ఆ కుదరదన్న మాటకే నాకు సగం నమ్మకం కుదిరింది.

మెట్ల దగ్గర గోడకు ఒక నోటీసు ఉంది. పిల్లకు కష్టమొస్తే ఎవరితో చెప్పుకోవాలి అన్నదాని మీద. హాస్టల్‌ను చూసుకునే హౌస్‌పేరెంట్, స్కూల్ నర్సు, పిల్లల హెల్ప్‌లైన్ చైల్డ్‌లైన్, ఆఖర్న బడితో ఏ సంబంధమూ లేని బయటి మనిషి ఒకరి ఫోటో. పిల్లలు బడివాళ్ళకు తెలియకుండా కూడా ఆమెకు ఫోన్ చేయొచ్చట. ఇది బడి గొప్పతనం కాదు. బోర్డింగ్ స్కూళ్ళకు ప్రభుత్వం పెట్టిన కనీస ప్రమాణాల్లో ఉన్నదే, ఆఫ్‌స్టెడ్ వాళ్ళు తనిఖీకి వచ్చినప్పుడు చూసేదే. అయినా నేను ఆ గోడ ముందు కాసేపు నిలబడిపోయాను. మా హాస్టల్లో మాకు కష్టమొస్తే చెప్పుకునేది వార్డెనమ్మతోనే. సగం సార్లు కష్టం పెట్టేదీ ఆమే.

అప్లికేషన్ రెండు దారుల్లో నడుస్తుంది. ఇయర్ 7, అంటే హైస్కూల్ మొదటి ఏడు, కోసం అందరూ నింపినట్టే మన కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) ఫారం అక్టోబర్ 31 లోపు నింపాలి. బోర్డింగ్‌కు వేరే ఫారం నేరుగా బడికి పంపాలి. సీట్లలో ప్రభుత్వ సంరక్షణలో ఉన్న పిల్లలకు, సైన్యంలో పనిచేసేవాళ్ళ పిల్లలకు, హాస్టల్ అవసరం నిజంగా ఉన్నవాళ్ళకు ముందు వరస. అవసరం ఉందని మనమే చూపించాలి. నా ఆరు నెలల డ్యూటీ రోటా, మా ఆయన ఓడ కాంట్రాక్టు, చైల్డ్‌మైండర్ రాసిచ్చిన ఉత్తరం అన్నీ జతచేశాను. ఇంట్లో బిడ్డను చూసుకోలేకపోతున్నానని ఇంత వివరంగా, ఆధారాలతో సహా, ఎప్పుడూ ఎవరికీ రాసివ్వలేదు. ఆ రాత్రి వార్డులో పనిచేస్తున్నానే గాని మనసు మనసులో లేదు.

తర్వాత ఇంటర్వ్యూ. ప్రభుత్వ బళ్ళు సీటు కోసం పిల్లల్ని ఇంటర్వ్యూ చేయకూడదు. హాస్టల్లో ఉండగలరా లేదా చూడటానికి మాత్రం చేయొచ్చు. లెక్కలు, గ్రామర్ ఏమైనా అడుగుతారేమోనని ముందు రోజు కూర్చోబెట్టి చదివించాను. ఒక్కటీ అడగలేదు. గదిలో ఎవరైనా నీ వస్తువు తీస్తే ఏం చేస్తావు, చీకటంటే భయమా, కోపమొస్తే అరుస్తావా మాట్లాడవా. మాట్లాడను అంది. అది పచ్చి నిజం, రెండు రోజులైనా మాట్లాడదు. చివర్లో హౌస్‌పేరెంట్, "ఇక్కడికి రావాలన్నది ఎవరి ఆలోచన?" అని అడిగింది. పాప నావైపు ఒకసారి చూసి, "ఫిఫ్టీ ఫిఫ్టీ" అంది. హౌస్‌పేరెంట్ నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

2023 మార్చి 1న ఈమెయిల్ వచ్చింది. సీటు వచ్చింది.

సెప్టెంబర్‌లో దింపడానికి వెళ్ళిన రోజు ఒక కాగితం చేతిలో పెట్టారు: పక్క పరిచాక ఎక్కువసేపు ఉండకండి, వీడ్కోలు చిన్నగా చెప్పండి, కారులో కూర్చుని ఏడవాలనిపిస్తే హౌస్ కిటికీల ముందు మాత్రం కారు ఆపకండి. మూడోది చదివి ఎంతమంది తల్లులు ఆ కిటికీల ముందు ఏడ్చి ఉంటారో అనుకున్నాను. నేను రోడ్డు మీద పెట్రోల్ బంకు దాకా ఓర్చుకున్నాను.

మూడో రోజు రాత్రి ఫోన్. "అమ్మా, నాకు ఇక్కడ నచ్చలేదు, వచ్చి తీసుకెళ్ళు." తెలుగులోనే చెప్పింది, పక్కవాళ్ళకు అర్థం కాకుండా. నేను హౌస్‌పేరెంట్‌కు చేశాను. ఆమె తొణకలేదు. ఫోన్లు రాత్రి పడుకునే ముందు తీసుకుని పెడతామని, పిల్లలు చేసే ఆఖరి ఫోన్ ఎప్పుడూ అందరికంటే దిగులుగా ఉంటుందని, ఇకనుంచి మీరు సాయంత్రం స్నాక్స్ టైమ్‌లో చేయండని చెప్పింది. అంతే. వేళ మార్చాను. నాలుగున్నరకు ఫోన్ చేస్తే ఆ పిల్లే వేరే పిల్ల. "అమ్మా త్వరగా చెప్పు, బ్యాడ్మింటన్ ఉంది" అని పెట్టేసేది. రాత్రి ఏడుపు మొత్తం పోలేదు, దసరా దాకా పట్టింది. కానీ వినాల్సిన వేళ వేరే ఉందని నాకు పదకొండేళ్ళలో ఎవరూ చెప్పలేదు.

ఇక ఆ బడి ఇచ్చేదేమిటో నాకు అర్థమైంది నవంబర్‌లో, అదీ అనుకోకుండా. ఆఫ్ ఉన్న రోజున మరిచిపోయిన కోటు ఇవ్వడానికి మధ్యాహ్నం మూడున్నరకు వెళ్ళాను. గేటు దగ్గర బస్సులు, కార్లు, వెయ్యిమంది పిల్లలు ఒక్కసారిగా బయటికి వస్తున్నారు. ఇరవై నిమిషాల్లో అందరూ పోయారు. డే స్కూల్ ముగిసింది. ఆ ఖాళీ అయిన అంత పెద్ద బడి, ఆ మైదానాలు, ఈత కొలను, మ్యూజిక్ గదులు, ఆర్ట్ గది, డ్రామా స్టేజీ మీద లైట్లు, అన్నీ ఓ వందమంది బోర్డర్ల, అంటే హాస్టల్ పిల్లల, చేతిలోకి వచ్చాయి. మాలాంటి, గోడకు గోడ ఆనుకుని వరసగా ఉండే రెండు గదుల టెర్రస్ ఇళ్ళలో పిల్లలు ఆ వేళ టీవీ ముందు కూర్చుంటారు. నేను ఫీజు దేనికి కడుతున్నానో అప్పుడు తెలిసింది. పగటి పాఠాలు ఊరి పిల్లలందరికీ ఒకటే. నేను కొన్నది నాలుగు గంటల నుంచి తొమ్మిది దాకా ఉండే కాలాన్ని.

ఆ కాలం ఇలా నడుస్తుంది. నాలుగింటికి స్నాక్స్. తర్వాత రోజుకో పని: సోమవారం ఈత, మంగళవారం హాకీ, బుధవారం బేకింగ్ లేదా కోడింగ్. ఐదున్నరకు భోజనం, ఇక్కడివాళ్ళు దాన్ని టీ అంటారు. నాకు ఇప్పటికీ అది అన్నం వేళే కాదు. ఆరున్నర నుంచి ప్రెప్, అంటే హోంవర్క్. అందరూ ఒకే గదిలో, ఫోన్లు బుట్టలో. ఒక టీచర్ బల్ల దగ్గర కూర్చుంటారు, సిక్స్త్ ఫారం, అంటే ఇయర్ 12, 13 చదివే, అమ్మాయిలు ఇద్దరు తిరుగుతూ చిన్నవాళ్ళకు చెబుతుంటారు. మా అమ్మాయికి భిన్నాలు చివరికి ఎక్కింది అలాంటి ఒక పెద్దక్క దగ్గరే. నేను రెండేళ్ళు చెప్పి, రెండేళ్ళు అరిచి, ఎక్కించలేకపోయాను. ఎనిమిదింటికి టోస్ట్.

టోస్ట్ గురించి ఒక మాట చెప్పాలి. చిన్న వంటగదిలో నాలుగు స్లాట్ల టోస్టర్ ఒకటి, రొట్టెల సంచులు, వెన్న, జామ్. నైట్ డ్రెస్సుల్లో ఇరవై మంది అమ్మాయిలు ఆ టోస్టర్ చుట్టూ నిలబడతారు. ఒక విడతకు నాలుగే ముక్కలు కాబట్టి ఎదురుచూడాలి. ఎదురుచూస్తూ మాట్లాడుకోవాలి. ఎవరెవరు కొట్లాడారు, ఏ టీచర్ మనసు బాగాలేదు, లెక్కల పరీక్ష ఎప్పుడు, అన్నీ అక్కడే తేలుతాయి. హౌస్‌పేరెంట్ పక్కనే గిన్నెలు కడుగుతున్నట్టు నటిస్తూ అంతా వింటుంది. ఇంకో టోస్టర్ కొనొచ్చు కదా అని ఒకసారి అడిగాను. "అప్పుడు ఎవరూ నిలబడరు" అంది. మా గురుకులంలో చేతిపంపు దగ్గర బకెట్లు పట్టుకుని నిలబడి మేం మాట్లాడుకున్నవన్నీ గుర్తొచ్చాయి. అక్కడ మాత్రం ఎవరూ తెలివిగా ఆలోచించి పంపు ఒకటే పెట్టలేదు, ఉన్నదే ఒకటి.

సంగీతం ఇంకో కథ. బడి బ్యాండులో మనుషులు తక్కువయ్యారని మ్యూజిక్ టీచర్ మా పిల్ల చేతికి ట్రాంబోన్ ఇచ్చింది. వాయిద్యం బడిదే, వారానికి అరగంట పాఠానికి మాత్రం వేరుగా కట్టాలి. క్రిస్మస్ సెలవులకు ఇంటికి తెచ్చి ఒకే ఒక సాయంత్రం వాయించింది. పక్కింటాయన గోడ మీద రెండుసార్లు తట్టాడు. అక్కడ చుట్టూ మైదానాలు, తట్టేవాళ్ళు లేరు. మొన్న గ్రేడ్ 3 పరీక్ష పాసైంది. ఇయర్ 9లోకి వచ్చాక డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బరో బ్రాంజ్ అవార్డుకు పేరిచ్చింది. గుడారం మోసుకుని నడవడం, ఒక రాత్రి బయట పడుకోవడం, వారానికోసారి వృద్ధాశ్రమంలో టీ అందించడం అన్నీ అందులో ఉంటాయి. ఇంట్లో టీ కప్పు సింకు దాకా తీసుకెళ్ళని పిల్ల.

తిండి దగ్గర మాత్రం మనవాళ్ళకు కష్టమే. వారానికి రెండు రోజులు పాస్తా, శుక్రవారం చేప, చిప్స్, ఆదివారం రోస్ట్. ఆకలితో పడుకున్న రోజు లేదు, కానీ ఏదీ నాలుకకు తగలదు. మొదటి ఎగ్జియట్‌కు, అంటే ఇంటికి పంపే వారాంతానికి, వచ్చి వెళ్ళేటప్పుడు అత్తమ్మ పంపిన ఆవకాయ చిన్న సీసాలో పెట్టి పంపాను. ఆదివారం రాత్రే మేట్రన్ ఫోన్. కోపంగా కాదు, ఒక పెన్ను పట్టుకుని. "ఇందులో ఏమేం ఉన్నాయో చెబుతారా?" మామిడికాయ, కారం, ఉప్పు, ఆవపిండి, నువ్వుల నూనె అన్నాను. ఆమె అటువైపు రాసుకుంటూ ఆగింది. ఈ దేశంలో తప్పనిసరిగా రాయాల్సిన 14 అలర్జీ పదార్థాల్లో ఆవాలూ ఉన్నాయి, నువ్వులూ ఉన్నాయి. మన ఆవకాయలో మొదటి ముద్దకే రెండు. సీసా పారేయలేదు. పాప పేరు, రెండు అలర్జీలు ఎర్రటి చీటీ మీద రాసి, ప్రత్యేకంగా ఒక డబ్బాలో పెట్టి ఫ్రిజ్ కింది అరలో ఉంచింది. పల్లీ పట్టీలు మాత్రం వెనక్కి వచ్చాయి, హౌస్‌లో పల్లీలు, బాదం లాంటి నట్స్ నిషేధం. ఇప్పుడు ఆ ఎర్రచీటీ డబ్బా హౌస్‌లో పేరు మోసింది. ధైర్యం పరీక్షించుకోవాలంటే ఒక చుక్క నాకాలట.

పాప గదిలో ఒకమ్మాయి నేపాలీ. వాళ్ళ నాన్న బ్రిటిష్ సైన్యంలో గూర్ఖా. ఆ కుటుంబాలకు రెండు మూడేళ్ళకోసారి ఊరు మారుతుంది కాబట్టి ఇలాంటి బళ్ళలో సైనికుల పిల్లలు చాలామంది. ఫీజు భారంలో ఎక్కువ భాగం సైన్యం భరిస్తుంది. 2023లో దీపావళి నవంబర్ 12, ఆదివారం. అదే రోజు ఇక్కడ రిమెంబ్రెన్స్ సండే, యుద్ధాల్లో పోయినవాళ్ళను తలచుకునే రోజు. పొద్దున బోర్డర్లందరూ కోటుకు ఎర్ర పాపీ పువ్వు పెట్టుకుని చర్చికి వెళ్ళారు, పదకొండింటికి రెండు నిమిషాల మౌనం. గదిలో ఉన్న నేపాలీ పిల్ల ముత్తాత పేరు ఎక్కడో ఒక స్మారకం మీద ఉందట, ఆ అమ్మాయి ఏడ్చిందట. సాయంత్రం వీళ్ళిద్దరూ పండగ అని అడిగితే, నవంబర్ 5న ఇక్కడ టపాసులు కాల్చే బాన్‌ఫైర్ నైట్‌కు కొన్న కాకరపువ్వొత్తుల్లో మిగిలినవి హౌస్‌పేరెంట్ తీసిచ్చింది. చేతులకు గ్లవ్స్ తొడిగించి, బకెట్లో నీళ్ళు పెట్టి, వరసగా నిలబెట్టి. వీడియో చూసి అత్తమ్మ, "గ్లవ్స్ ఏందే, అవి కాకరపువ్వొత్తులా బాంబులా" అంది. కానీ ఆ వీడియో ఆమె సూర్యాపేటలో ఎంతమందికి పంపిందో నాకు తెలుసు.

అన్నీ బాగున్నాయని రాస్తే అబద్ధమవుతుంది. మొదటి జనవరిలో పాపకు 39 డిగ్రీల సెల్సియస్, మన ఫారెన్‌హీట్ లెక్కలో 102, జ్వరం వచ్చింది. రాత్రి పదకొండింటికి మందిచ్చి, నాలుగు గంటలకోసారి చూసి, అన్నీ పుస్తకంలో పక్కాగా రాశారు. నాకు చెప్పింది మాత్రం పొద్దున ఏడింటికి, ఈమెయిల్‌లో. నేను అదే రాత్రి ఎవరో తల్లికి ఫోన్ చేసి మీ అబ్బాయికి జ్వరం తగ్గిందని చెప్పాను. నా బిడ్డ సంగతి నాకు తెలియదు. గట్టిగానే రాశాను. క్షమాపణ చెప్పి, 38.5 దాటితే ఏ వేళైనా ఫోన్ చేయాలని పాప ఫైల్లో రాసుకున్నారు. అడిగితే మారుతుంది, కానీ అడగాలి. మా గురుకులం రోజుల్లో మా అమ్మకు అడిగే వీలే ఉండేది కాదు.

జుట్టు సంగతి ఇంకా మింగుడు పడలేదు. నడుము దాకా ఉండేది. ఈత ఉన్న రోజు తడి జుట్టు ఎవరు దువ్వుతారు? మేట్రన్ ప్రయత్నించి దువ్వెన విరగ్గొట్టిందట. కొన్నాళ్ళు ఇయర్ 11లో ఘానా కుటుంబపు అమ్మాయి ఒకతి ఆదివారం రాత్రుళ్ళు బిగుతుగా జడలు అల్లి పెట్టేది, అవి నాలుగు రోజులు కదిలేవి కావు. ఆ అమ్మాయి పరీక్షలైపోయి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మా పిల్ల, ఓడలో ఉన్న నాన్నకు వాట్సాప్ చేసి పర్మిషన్ తెచ్చుకుంది. తల్లిదండ్రుల్లో ఒకరి ఈమెయిల్ చాలు. తర్వాతి ఎగ్జియట్‌కు భుజాల దాకా కత్తిరించిన జుట్టుతో కారెక్కింది. నేను పదిహేను మైళ్ళు మాట్లాడలేదు. కోపమొస్తే మాట్లాడకపోవడం ఎవరి పోలికో అప్పుడు తెలిసింది.

పోయింది అసలు తెలుగు. శుక్రవారం రాత్రి ఇంటికి వస్తే ఇంగ్లీషులోనే జవాబు చెబుతుంది. శనివారం మధ్యాహ్నం పప్పుచారు అన్నం తిన్నాక ఒక్కో మాట బయటికి వస్తుంది. ఆదివారం సాయంత్రానికి, సరిగ్గా బయల్దేరే వేళకు, గలగలా మాట్లాడుతుంది. నాలుగు నుంచి తొమ్మిది దాకా ఉండే ఆ కాలాన్ని బిడ్డకు కొనిపెట్టానంటే, ఆ కాలం నా దగ్గర లేదనే కదా.

పాపతో పాటు చేరిన ఒకమ్మాయి క్రిస్మస్‌కే మానేసింది. ఆ పిల్లకు ఇక్కడి మనుషుల్లో లోపమేమీ కనిపించలేదు. రాత్రి ఇల్లు కావాలి, అంతే. చిన్నప్పుడే హాస్టల్‌కు పంపిన పిల్లలు పెద్దయ్యాక మోసే గాయాల గురించి జాయ్ షావెరియన్ అనే సైకోథెరపిస్ట్ 2011లో బోర్డింగ్ స్కూల్ సిండ్రోమ్ అని పేరు పెట్టి రాసింది. ఏడెనిమిదేళ్ళకే పంపడం ఇక్కడి పెద్దింటివాళ్ళలో ఉన్న ఆచారం. నన్నడిగితే పదకొండే తొందర. మాకు గత్యంతరం ఉంటే పదమూడు దాకా ఆగేదాన్ని.

ఈ మధ్య హైదరాబాద్ నుంచి మా కజిన్ ఫోన్ చేశాడు, వాళ్ళ అబ్బాయిని మా అమ్మాయి బళ్ళో చేర్పించాలని. కుదరదని చెప్పాను. స్టేట్ బోర్డింగ్ ఈ దేశంలో ఉండే హక్కు ఉన్న పిల్లలకే, చైల్డ్ స్టూడెంట్ వీసా మీద ప్రైవేటు బడికే రావాలి. ఫీజు, దాని మీద వ్యాట్, వీసాతో పాటు ఏడాదికి 776 పౌండ్ల హెల్త్ సర్‌చార్జ్, ఇండియాలో టీబీ పరీక్ష, చిన్న సెలవుల్లో పిల్లాణ్ణి తీసుకెళ్ళడానికి చాలా బళ్ళు అడిగే గార్డియన్. మొత్తం ఏడాదికి యాభై లక్షలు దాటుతుందన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. "అక్కా, అంత పెడితే ఏమిస్తారు?" అన్నాడు. టోస్టర్ గురించి చెప్పబోయి ఆగిపోయాను. ఫోన్లో చెప్పేది కాదు.

పోయిన ఆగస్టులో కొత్త బ్లేజర్, పెరిగిన పాదాలకు కొత్త సాక్సులు కొన్నాం. పట్టీలు తీసి సూదికి దారం ఎక్కిస్తుంటే, "నేను కుట్టుకుంటాలే, నీకు నైట్ ఉంది కదా" అని లాక్కుంది. నేను పడుకుని లేచేసరికి సాక్సులన్నీ అయిపోయాయి. మిగిలిన పట్టీలు కనిపించలేదు. వారం తర్వాత వార్డులో ఏసీ చలికి కార్డిగన్ తొడుక్కుంటుంటే కాలర్ లోపల వంకర టింకర కుట్లతో ఒక తెల్ల పట్టీ. మా ఫిలిపినో కొలీగ్ వెనక నుంచి చూసి, ఈ 43 ఏ వార్డు బెడ్ నంబర్ అని అడిగింది.